మూన్‌స్టోనా, బ్లీక్ హౌసా: విక్టోరియన్ రహస్య నవలల్లో మొదట ఏది చదవాలి?

"విక్టోరియా రాణి కాలపు నవల ఒకటి చదవాలని ఉంది, కానీ పదో పేజీకే నిద్ర ముంచుకురాకూడదు" అని అడిగేవాళ్లకు నేను రహస్యం ఉన్న నవలే చెబుతాను. దొంగ ఎవరో, శవం ఎవరిదో తేలకపోతే ఎంతటి బద్ధకస్తుడైనా పుస్తకం పక్కన పెట్టలేడు. నాటి రచయితలకు ఆ సంగతి బాగా తెలుసు. పాఠకుడి కుతూహలాన్ని గుప్పిట్లో పెట్టుకుని, పనిలో పనిగా లండన్ పెద్దమనుషుల పరువు విప్పి ఆరేశారు.

ఆ కోవలో మొదటి పుస్తకంగా ఎంచుకోదగ్గవి నా లెక్కలో నాలుగు. చార్లెస్ డికెన్స్ రాసిన బ్లీక్ హౌస్ 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలనెలా విడిభాగాలుగా వచ్చింది. ఆయనదే అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ 1864, 65 సంవత్సరాల్లో వచ్చింది. విల్కీ కాలిన్స్ రాసిన ది మూన్‌స్టోన్‌ది 1868. ఆంథొనీ ట్రొలోప్ రాసిన ది యూస్టస్ డైమండ్స్ 1871లో పత్రికలో మొదలై 1873లో ముగిసింది. నాలుగూ సీరియళ్లే. వారపత్రిక రాగానే వెనక పేజీలు తిప్పి, కథ చివర "ఇంకా ఉంది" చూసి ఉసూరుమన్న తరం తెలుగు పాఠకులకు వీటి నడక వెంటనే పట్టుబడుతుంది.

వీటిలో ఒకటి ఎంచుకోవాలంటే చాలామంది పేజీలు లెక్కపెడతారు, లేదా రచయిత పేరు చూస్తారు. నేను ఇంకో ప్రశ్న అడుగుతాను: రచయిత రహస్యాన్ని మన దగ్గర ఎలా దాచాడు? కాలిన్స్ దాన్ని సాక్షుల మధ్య తలా ఇంత పంచేశాడు. డికెన్స్ జనసమ్మర్దంలో కలిపేశాడు. ట్రొలోప్ అసలు దాచనే లేదు. ఎవరి మీద ఎలా నవ్వుతామన్నది కూడా ఈ దాపరికాన్ని బట్టే ఉంటుంది. అందుకే మీకు ఏ దాపరికం ఇష్టమో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మూన్‌స్టోన్: మర్యాద చాటున దొంగతనం

కథ 1799 మే 4న శ్రీరంగపట్నంలో మొదలవుతుంది. టిప్పు సుల్తాన్ కోట కూలిన రోజు. లూటీ చేయరాదన్న ఆజ్ఞ ఉన్నా, హెర్న్‌కాసిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కాపలాదారుల నెత్తురు చిందించి ఒక పసుపు రంగు వజ్రం కాజేస్తాడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1848 జూన్ 21న, యార్క్‌షైర్‌లోని ఒక జమీందారీ ఇంట్లో రేచల్ వెరిండర్ అనే అమ్మాయికి పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా ఆ వజ్రం అందుతుంది. తెల్లవారేసరికి అది ఉండదు. ఊళ్లో గారడీవాళ్ల వేషంలో తిరుగుతున్న ముగ్గురు హిందువులను పట్టుకుని జైల్లో వేస్తారు. మొదటి దొంగ ఇంగ్లీషువాడేనని పుస్తకం తెరిచిన మరుక్షణమే పాఠకుడికి తెలుసు. ఇంట్లోవాళ్లు మాత్రం ఇండియా వైపే వేలు చూపిస్తారు. ఈ వ్యంగ్యం ఎక్కడా గొంతు పెంచదు. చివరి పేజీ దాకా లోలోపల పనిచేస్తూనే ఉంటుంది.

తన వజ్రానికి ప్రేరణగా కాలిన్స్ ముందుమాటలో రెండు రాళ్లను చెప్పాడు. ఒకటి రష్యా చక్రవర్తుల రాజదండంలోని వజ్రం, రెండోది కోహినూర్. కోహినూర్ పుట్టిల్లు కృష్ణా తీరంలోని కొల్లూరు గనులేనని మన ప్రాంతంలో గట్టి నమ్మకం కాబట్టి, ఈ నవల చదువుతుంటే మన ఇంటి సొమ్ము గురించి పరాయివాళ్లు పంచాయితీ పెట్టినట్టు ఉంటుంది. కాలిన్స్‌కు మన దేవుళ్ల సంగతి అంతంత మాత్రమే. సోమనాథ్‌లో నాలుగు చేతుల చంద్రదేవుణ్ణి నిలబెట్టి, ఆ దేవుడి నుదుటి మణికి కాపలా ఉండమని విష్ణువు చేత ముగ్గురు బ్రాహ్మణులకు కలలో చెప్పించాడు. మన పాఠకులు అక్కడ ఒకసారి నవ్వుకుని ముందుకు సాగిపోవచ్చు.

కథను ఒకరు చెప్పరు. చూసినవాళ్లు చూసినంత మేరకు రాసిపెడతారు, కోర్టులో సాక్ష్యాల్లాగా. ముందు వచ్చేవాడు ఇంటి పెత్తందారు గేబ్రియల్ బెటరెడ్జ్. డెబ్బై దాటిన ఈ నౌకరుకు రాబిన్సన్ క్రూసో నవలే వేదం. కష్టం వస్తే దాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి, కంటపడిన వాక్యాన్ని భవిష్యవాణిగా తీసుకుంటాడు. ఆ తర్వాత కలం మిస్ క్లాక్ చేతికి వస్తుంది. ఈవిడ కోసమైనా ఈ నవల చదవాలి.

మిస్ క్లాక్ పేద బంధువు, పరమ భక్తురాలు. కరపత్రాలు పంచి లోకాన్ని ఉద్ధరించడమే ఆవిడ వ్రతం. ఆ కరపత్రాల పేర్లు చూడండి: తలదువ్వే బ్రష్షులో సైతాను, అద్దం వెనక సైతాను, టీ బల్ల కింద సైతాను. జబ్బుపడిన పిన్నిగారింట్లో సోఫా దిండు కింద ఒకటి, పూలకుండీల్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి దాచిపెడుతుంది. ఆవిడ సభ్యురాలిగా ఉన్న ధర్మసంఘం చేసే ఘనకార్యం ఇంకా గొప్పది. తాగుబోతు తండ్రులు తాకట్టు పెట్టిన ప్యాంట్లను విడిపించి, తండ్రి మళ్లీ తొడుక్కోకుండా వెంటనే కత్తిరించి కొడుకు కొలతకు కుట్టించేస్తారు. ఇదంతా ఆవిడ గర్వంగా చెబుతుంది. ఆవిడను చూసి మనం నవ్వుతుంటే, ఆవిడ చెప్పిన దాంట్లోనే ఒక ఆధారం మన కళ్ల ముందు నుంచి జారిపోతుంది. ఆవిడకు ఎవరి మీద గురి కుదిరిందో గమనిస్తూ ఉండండి. అంతకు మించి చెబితే మీ ఆనందం పాడుచేసినవాడినవుతాను.

పరిశోధన చేసేది సార్జెంట్ కఫ్. గులాబీల పిచ్చి ఉన్న బక్కపల్చని మనిషి. దొంగతనం సంగతి పక్కనపెట్టి తోటమాలితో గులాబీ అంట్ల గురించి వాదన వేసుకుంటాడు. ఇతని వెనక నిజమైన మనిషి ఉన్నాడు. 1860లో రోడ్ అనే ఊళ్లో ఒక పెద్దింట్లో మూడేళ్ల పిల్లవాడు హత్యకు గురైతే, లండన్ నుంచి వచ్చిన జాక్ విచర్ అనే డిటెక్టివ్ ఆ ఇంటి పదహారేళ్ల అమ్మాయి కాన్‌స్టన్స్ కెంట్‌ను అనుమానించాడు. కనిపించకుండా పోయిన ఆమె రాత్రి గౌను ఒకటి అతనికి దొరికిన ప్రధాన ఆధారం. కింది తరగతి నుంచి వచ్చిన పోలీసు మర్యాదస్థుల పిల్ల మీద వేలెత్తడమా అని పత్రికలు విరుచుకుపడ్డాయి. అమ్మాయిని వదిలేశారు, విచర్ పరువు పోయింది. 1865లో ఆమె తానే నేరం ఒప్పుకుంది. మూన్‌స్టోన్‌లోనూ రంగు అంటిన రాత్రి దుస్తు కోసం వెతుకులాట ఉంది. అక్కడా ఆ ఇంటివాళ్లకు వజ్రం పోయినందుకు కన్నా, పోలీసు తమ బట్టల పెట్టెలు తెరుస్తానన్నందుకు ఎక్కువ మంట. మర్యాద అనే తెర అంత దళసరిగా లేకపోతే ఈ కేసు రెండు రోజుల్లో తేలిపోయేది. పుస్తకంలో హాస్యమూ రహస్యమూ ఆ తెర చుట్టూనే తిరుగుతాయి.

ఇబ్బందులు లేకపోలేదు. బెటరెడ్జ్ భాగం పుస్తకంలో మూడో వంతుకు పైనే ఉంటుంది, ముసలాయన తీరిగ్గా చెబుతాడు. నల్లమందు చుట్టూ తిరిగే ముగింపు మీద ఈనాటి పాఠకుడికి కొంచెం అనుమానం కలగవచ్చు. రాసే రోజుల్లో కాలిన్స్ కీళ్లవాతంతో మంచం పట్టి, నొప్పి తట్టుకోలేక స్వయంగా నల్లమందు ద్రావకం తాగుతున్నాడు. ఆ పేజీలకు అనుభవం వాసన ఉంది.

బ్లీక్ హౌస్: న్యాయస్థానపు పొగమంచు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడు అని మన సామెత. డికెన్స్‌కు ఆ సామెత తెలియదు గానీ ఆ ఏడుపు తెలుసు. తన క్రిస్మస్ కరోల్‌ను దొంగతనంగా అచ్చేసిన వాళ్ల మీద 1844లో ఆయన, వీలునామాలూ ఆస్తి దావాలూ నలిగే చాన్సరీ కోర్టుకెక్కాడు. గెలిచాడు. ఓడినవాళ్లు దివాలా తీశారు. ఖర్చుల కింద దాదాపు 700 పౌన్లు గెలిచిన ఆయనే చెల్లించాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత మొదలుపెట్టిన బ్లీక్ హౌస్‌లో ఆ అప్పు వడ్డీతో సహా తీర్చుకున్నాడు.

నవలకు నడుమ, అదే చాన్సరీ కోర్టులో, జార్న్‌డైస్ వర్సెస్ జార్న్‌డైస్ అనే వీలునామా దావా ఉంటుంది. తరాలు గడిచాయి, కక్షిదారులు పుడుతూ చస్తూ ఉన్నారు, దావా ఏమిటో లాయర్లకే గుర్తులేదు. మొదటి పేజీలో లండన్ అంతా బురద, పొగమంచు. ఆ మంచు అన్నిటికన్నా దట్టంగా కమ్ముకున్న చోట న్యాయమూర్తి కూర్చుని ఉంటాడు. ఈ ఒక్క అధ్యాయం చదివి పుస్తకం మూసేసినా మీకు నష్టం లేదు.

రహస్యం రెండో అధ్యాయంలో మొదలవుతుంది, అదీ చప్పుడు చేయకుండా. లేడీ డెడ్‌లాక్ అనే గొప్పింటి ఇల్లాలు, లోకంలో ఏదీ పట్టనంత విసుగుతో పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. కుటుంబం లాయరు టల్కింగ్‌హార్న్ దావా కాగితాలు చదివి వినిపిస్తుంటాడు. ఆమె చూపు ఆ కాగితం మీది చేతిరాత మీద పడుతుంది. ఇది ఎవరు నకలు రాశారు అని అడుగుతుంది. అంతే, ఒక్క ప్రశ్న. ఎన్నడూ ఏదీ పట్టించుకోని మనిషి ఒక గుమాస్తా అక్షరాలను పట్టించుకుందే అని లాయరు మనసులో రాసుకుంటాడు. పుస్తకంలో మిగిలిన దాంట్లో సగం ఆ ప్రశ్న వెంట నడుస్తుంది: అద్దెగదిలో ఒక శవం, ఊడ్పు పని చేసే జో అనే అనాథ కుర్రాడు, ముసుగు వేసుకున్న ఒక స్త్రీ, చివరికి ఒక హత్య, లావుపాటి చూపుడువేలితో ఆలోచించే ఇన్‌స్పెక్టర్ బకెట్. ఇంగ్లీషు నవలలో ప్రధాన పాత్రగా కనిపించే తొలి డిటెక్టివ్‌లలో ఈయన ఒకడు.

ఇక్కడ రహస్యం దాగింది జనంలో. పదుల సంఖ్యలో పాత్రలు వస్తూ పోతూ ఉంటాయి, ఎవరికి ఎవరితో సంబంధమో తెలియదు. అదే డికెన్స్ చెప్పదలచుకున్నది కూడా: భవనంలోని దొరసానికీ, మురికివాడలోని జోకూ మధ్య దారం ఉంది, పైవాళ్లు దాన్ని చూడడానికి ఇష్టపడరు. మురికివాడ నుంచి బయలుదేరిన జబ్బు మాత్రం ఆ తేడా చూడదు.

వ్యంగ్యంలో డికెన్స్ చేయి కాలిన్స్ కన్నా బరువు. మిసెస్ జెల్లీబీ ఇంటికి వెళ్లండి. ఆవిడ పిల్లవాడి తల ఇంటి ముందు ఇనుప కటకటాల్లో ఇరుక్కుని ఉంటుంది, వీధి జనం లాగుతుంటారు. మెట్లంతా చెత్త, పెద్ద కూతురి చేతులకూ మొహానికీ సిరా. ఆవిడ మాత్రం ఆఫ్రికా కన్నా దగ్గరిది ఏదీ కనిపించని కళ్లతో, నైజర్ నది ఎడమ ఒడ్డున కాఫీ తోటలు వేయడానికి 150 నుంచి 200 కుటుంబాలను పంపే పథకం గురించి ఉత్తరాలు రాయిస్తూ ఉంటుంది. మిస్ క్లాక్‌ను, ఈవిడను పక్కపక్కన నిలబెడితే ఇద్దరు రచయితల తేడా తెలిసిపోతుంది. కాలిన్స్ ఆవిడ చేతికే కలం ఇచ్చి ఆవిడనే బయటపడనిస్తాడు. డికెన్స్ పక్కన నిలబడి వేలెత్తి చూపిస్తాడు.

పుస్తకం పెద్దది, 67 అధ్యాయాలు. ఒక అధ్యాయం ఎవరో సర్వజ్ఞుడు వర్తమానకాలంలో చెబుతాడు, ఇంకొకటి ఎస్తర్ అనే అమ్మాయి తన గతంగా చెబుతుంది. ఎస్తర్ వినయం కొందరికి ముద్దొస్తుంది, నాకు అప్పుడప్పుడు విసుగు. నేను రెండుసార్లు పదో అధ్యాయం దగ్గర వదిలేశాను. మూడోసారి ఒక ఉపాయం పట్టాను. నాటి పాఠకుడు నెలకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున విడిభాగం కొని ఏడాదిన్నర చదివాడు. ఆ నెలను నేను వారం చేసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఒక భాగం, మిగతా రోజులు ముట్టుకోను. ఐదు నెలలు పట్టకుండా అయిపోయింది. ఎవరు ఎవరో గుర్తుండడానికి వెనక అట్ట లోపల పెన్సిలుతో పేర్లు రాసుకున్నాను. వేళ్లు నల్లబడేంత అరగదీసిన ఆ జాబితా ఇంకా ఉంది.

మిగిలిన రెండూ

యూస్టస్ డైమండ్స్‌లోనూ నగే గొడవ. పదివేల పౌన్ల వజ్రాల హారం భర్త తనకే ఇచ్చాడని పడుచు వితంతువు లిజీ అంటుంది. అది వంశపు సొత్తు, తిరిగి ఇవ్వాలని కుటుంబం లాయరు అంటాడు. ఆమె దాన్ని ఇనుప పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరుగుతుంది. ఒక రాత్రి సత్రంలో పెట్టె పోతుంది. ఇక్కడ ట్రొలోప్ చేసిన పని చూడండి: పెట్టెలో ఏముందో, ఏం లేదో ఆ వెంటనే పాఠకుడి చెవిలో చెప్పేస్తాడు. తనకు తెలిసింది పాఠకుడి దగ్గర దాచడం తనకు పడదంటాడు. కాలిన్స్ పద్ధతి మీద ఇది చురకేనని నా నమ్మకం. దొంగ ఎవరు అన్న ప్రశ్న పోయి, అబద్ధం ఆడినావిడ ఎంతకాలం నిలబెట్టుకుంటుంది అన్న ప్రశ్న వస్తుంది. పెళ్లి సంబంధాల బేరాలూ, చుట్టాల ఎత్తిపొడుపులూ ఆస్వాదించేవాళ్లకు ఇదే మొదటి పుస్తకం కావాలి. పక్కన ఒక ఇండియా ముచ్చట కూడా ఉంది. మైగావ్ సవాబు అనే కల్పిత రాజుకు రెండు కోట్ల రూపాయలిచ్చి గద్దె ఎక్కించాలా, జన్మంతా జైల్లో ఉంచాలా అని పార్లమెంటులో వాదించుకుంటారు. ఆ రాజు గతి ఏమిటన్నది ఎవరికీ పట్టదు. వాళ్ల పార్టీ గొడవకు అతనొక సాకు.

అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ మాత్రం మొదటి పుస్తకంగా వద్దు. థేమ్స్ నదిలో శవాలు ఏరుకుని బతికే మనిషి, చెత్తదిబ్బల మీద పోగైన ఆస్తి, చచ్చాడనుకున్న వారసుడు: సరుకు బ్రహ్మాండమైనదే. కొత్త డబ్బున్న వెనీరింగుల ఇంట్లో మనుషుల దగ్గర నుంచి కుర్చీల దాకా అన్నీ ఇంకా వార్నిషు ఆరని కొత్తవే. ట్విమ్లో అనే ముసలి బంధువును భోజనాల బల్లలాగా వాడుకుంటారు, అతిథులు ఎక్కువైతే సాగదీయడానికి. ఆ విందు అధ్యాయాలు డికెన్స్ రాసిన వ్యంగ్యంలోకెల్లా పదునైనవి. కానీ రహస్యం సగంలోనే తేలిపోతుంది, కథ నాలుగు దారుల్లో చెదురుతుంది. బ్లీక్ హౌస్ నచ్చితే తర్వాత ఇది చదవండి.

కాలిన్స్‌దే ది వుమన్ ఇన్ వైట్‌ను ఈ లెక్కలోకి ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. అది భయపెట్టడంలో మూన్‌స్టోన్‌ను మించింది. నవ్వించడానికి మాత్రం కౌంట్ ఫోస్కో, అతని తెల్ల ఎలుకలు తప్ప పెద్దగా ఎవరూ లేరు. వ్యంగ్యం వద్దు, రాత్రి లైటు ఆర్పడానికి జంకితే చాలు అనుకునేవాళ్లు నేరుగా దానికే వెళ్లవచ్చు.

నా తీర్పు అడిగితే, ఇంగ్లీషు నవల అలవాటు లేనివాళ్లకు మూన్‌స్టోన్. గొంతులు మారుతూ ఉంటాయి కాబట్టి ఒకరితో విసుగు పుట్టేలోపు ఇంకొకరు వస్తారు. బస్సులోనో రైల్లోనో ముక్కలు ముక్కలుగా చదివినా దారం తెగదు. భూమి తగాదాతోనో ఆస్తి పంపకాలతోనో కోర్టు మెట్లెక్కి దిగినవాళ్లు, ఓపిక ఉంటే, తిన్నగా బ్లీక్ హౌస్‌కే వెళ్లండి. అందులో ప్రతి వాయిదా మీకు తెలిసిన వాయిదాలాగే ఉంటుంది. పుస్తకం బరువు చూసి భయపడేవాళ్లు 2005లో బీబీసీ తీసిన పదిహేను భాగాల ధారావాహిక ముందు చూడవచ్చు. హత్య చేసింది ఎవరో తెలిసిపోతుంది, నిజమే. మనుషుల మొహాలు గుర్తుంటే ఆ జనసమ్మర్దంలో తప్పిపోరు.

ఈ పుస్తకాలన్నిటికీ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, లిబ్రివాక్స్‌లో వినవచ్చు. బెటరెడ్జ్ భాగం చదవడం కన్నా వినడమే బాగుంటుందని నా అనుభవం. డబ్బు పెట్టి కొనేటట్టయితే వెనక వివరణలు ఉన్న ముద్రణ తీసుకోండి. చాన్సరీ కోర్టు పదాలకు ఆ సాయం కావాలి. సంక్షిప్త ప్రతి జోలికి వెళ్లకండి. కత్తెర వేసేవాడి చేతికి ముందు దొరికేది మిస్ క్లాక్, మిసెస్ జెల్లీబీలే. ఇక వివరణల ముద్రణల్లో ముందు ఒక పండితుడి పరిచయ వ్యాసం ఉంటుంది. దొంగ పేరు అందులో రెండో పేజీలోనే చెప్పేసే అలవాటు వాళ్లకుంది. ఆ పేజీలను క్లిప్పు పెట్టి మూసేసి, వజ్రం దొరికాక తీయండి.